పాలకొల్లు మేడమీద క్లాసు: పది ఆదివారాలు వెళ్లొచ్చాక

చిన్న తరగతుల టీచరు కోర్సు డీఎడ్ చదువుతున్నవాళ్లు, చదివేసి ప్రభుత్వ టీచరు పోస్టుల పరీక్ష డీఎస్సీ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు, ప్రైవేటు స్కూళ్లలో చిన్న తరగతులకు పాఠాలు చెబుతున్నవాళ్లు చదవాలని ఇది రాస్తున్నాను. పాలకొల్లులో రిటైరైన ఒక హెడ్మాస్టారు, టీచరుగానే రిటైరైన ఆయన భార్య కలిసి ఆదివారాలు మెథడ్స్ క్లాసు, అంటే పాఠం ఎలా చెప్పాలో నేర్పే క్లాసు పెడుతున్నారు. దానికి బోర్డు లేదు, పేరు కూడా లేదు. వెళ్లేవాళ్లందరం మేడమీద క్లాసు అంటాం. పది వారాల బ్యాచ్‌లో నేను ఒక్క ఆదివారం కూడా మానలేదు.

మాది కోనసీమలో మలికిపురం పక్కన పల్లెటూరు. పొద్దున ఏడింటి బస్సెక్కితే దిండి దాటి, చించినాడ వంతెన మీదుగా ఎనిమిదిన్నరకల్లా పాలకొల్లులో దిగొచ్చు. బస్టాండు నుంచి నడిచిపోయే దూరమే. క్లాసు తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. పది వారాలకు ఫీజు 1,500 రూపాయలు, అదీ రెండు విడతల్లో ఇచ్చాను. బ్యాచ్‌కి పన్నెండు మందే. ఎక్కువమంది వస్తే తర్వాతి బ్యాచ్‌కి రమ్మంటారు తప్ప కిక్కిరించరు.

ముందు నా సంగతి చెప్పాలి. లేకపోతే ఈ క్లాసును ఇంతగా ఎందుకు మెచ్చుకుంటున్నానో మీకు అర్థం కాదు.

నేను డీఎడ్ చేసింది ఒక ప్రైవేటు కాలేజీలో. తెలుగు, గణితం, పరిసరాల విజ్ఞానం, ఇంగ్లీషు, అన్నిటికీ బోధన పద్ధతుల పుస్తకాలు ఉండేవి, పరీక్షలు ఉండేవి. ఆగమన పద్ధతి అంటే ఉదాహరణల నుంచి సూత్రానికి, నిగమన పద్ధతి అంటే సూత్రం నుంచి ఉదాహరణలకు అని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. టీచింగ్ ప్రాక్టీసుకని ఒక స్కూలుకు పంపారు. అక్కడి టీచర్లకు వాళ్ల సిలబస్ టెన్షన్ వాళ్లది, మాకు పీరియడ్లు ఇవ్వలేదు. సీనియర్ల రికార్డులు తెచ్చుకుని, తేదీలు మార్చి, రాత్రుళ్లు కూర్చుని ఎక్కించాం. ఫైనల్ లెసన్‌కి ముందురోజే పిల్లలకు ప్రశ్నలు, జవాబులు చెప్పిపెట్టాం. ఆరు వందలు పెట్టి కొన్న థర్మాకోల్ అగ్నిపర్వతాన్ని టేబుల్ మీద పెట్టాను. నేను అడగ్గానే అందరూ చేతులెత్తారు, నాకు మంచి మార్కులొచ్చాయి. కనుచూపు మేరలో కొండే లేని ఊళ్లో ఆ పిల్లలకు అగ్నిపర్వతం చూపించి వచ్చానని తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ తర్వాత టీచరు అర్హత పరీక్ష టెట్. పేపర్ వన్‌లో 150 బిట్లు. ఒక్కో సబ్జెక్టులో 24 కంటెంట్, 6 మెథడాలజీ. ఆ ఆరు బిట్లకు ఎవరు ఏ సంవత్సరంలో ఏమన్నారో గుర్తుంటే సరిపోతుంది. నాకు గుర్తుంది, పాసయ్యాను. 2025 డీఎస్సీ రాశాను, పోస్టు రాలేదు. ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి ఇచ్చారు. మొదటి నెలలోనే తెలిసింది, 38 మంది పిల్లల ముందు నిలబడి తీసివేత ఎలా చెప్పాలో నాకు తెలియదని.

అప్పుడు డీఎడ్‌లో నాతో చదివిన భీమవరం అమ్మాయి ఈ క్లాసు సంగతి చెప్పింది.

మొదటి ఆదివారం వెళ్లేసరికి మేడ మీద రేకుల షెడ్డులో చాపలు పరిచి ఉన్నాయి. నోట్సు చెబుతారేమోనని పుస్తకం తీసి కూర్చున్నాను. మాస్టారు నోట్సు చెప్పలేదు. పదింటికల్లా ఆ వీధి పిల్లలు పదిహేను, ఇరవై మంది బిలబిలమంటూ మెట్లెక్కి వచ్చేశారు. ప్రతి ఆదివారం అంతే. ముందు కింద మాస్టారి భార్య, మేం టీచరుగారు అని పిలిచే ఆవిడ, వాళ్లకు పెసరట్టు ఉప్మా పెడతారు. తిని, చేతులు కడుక్కుని పైకొస్తారు. ఒకటో తరగతి నుంచి ఐదు దాకా అన్ని తరగతుల వాళ్లూ ఉంటారు. మనం పాఠం చెప్పేది వాళ్లకే. పదిన్నర నుంచి పన్నెండు దాకా మాలో ఇద్దరో ముగ్గురో చెబుతారు, మిగతావాళ్లు పిల్లల్ని చూడాలి. చెప్పే టీచర్ని చూడకూడదని మాస్టారి నియమం. ఏ పిల్లాడు ఎక్కడ ఆగాడో, ఏమన్నాడో, వాడన్న మాటలోనే రాసుకోవాలి. పిల్లలు వెళ్లాక గంటసేపు వాటి మీదే చర్చ. క్లాసంటే ఇదే.

ఆ రోజు నా వంతు వచ్చింది. మూడో తరగతి కుర్రాడొకడు పలక మీద 42లోంచి 17 తీసేసి 35 అని వేశాడు. మాస్టారు మమ్మల్ని అడిగారు, "ఎందుకలా వేశాడంటారు?" అజాగ్రత్త అన్నాం దాదాపు అందరం. ఆయన వాడికి ఇంకో మూడు లెక్కలిచ్చారు. 53లోంచి 28 తీస్తే 35 వేశాడు. 61లోంచి 34 తీస్తే 33. 70లోంచి 26 తీస్తే 56. నాలుగూ తప్పే. "నాలుగూ ఒకేలా తప్పు. చూశారా?" అన్నారు. అప్పుడు కనబడింది మాకు. పైనుందా, కిందుందా అని చూడకుండా ప్రతి వరసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నాడు. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలి అని ఎవరో ఎప్పుడో చెప్పి ఉంటారు. వాడు ఆ మాట తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. దానికి మేం అజాగ్రత్త అని పేరు పెట్టాం.

నన్ను చెప్పమన్నారు. నాకు చిన్నప్పుడు చెప్పినట్టే చెప్పాను. "రెండులోంచి ఏడు పోదు కదా నాన్నా, పక్కింటికి వెళ్లి ఒకటి అప్పు తెచ్చుకుందాం."

వాడు వేళ్లు చూసుకుని, "ఒకటి తెచ్చుకుంటే మూడే కదండీ అవుద్ది?" అన్నాడు.

"ఒకటి కాదమ్మా, అక్కడినుంచి తెస్తే పది అవుతుంది."

"ఒకటన్నారు కదండీ!"

నేనేమీ అనలేకపోయాను. వాడే మళ్లీ, "మరి ఆ అప్పు ఎప్పుడిచ్చేత్తామండీ?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మాస్టారు వాడి తల నిమిరి, "మంచి ప్రశ్న అడిగావురా" అన్నారు. తర్వాత చర్చలో ఆయన చెప్పింది నా పుస్తకంలో అలాగే రాసుకున్నాను: తిరిగి ఇవ్వనిదాన్ని అప్పు అంటున్నాం, పదిని ఒకటి అంటున్నాం, రెండు అబద్ధాలు చెప్పి పిల్లాడికి లెక్క రాదంటున్నాం.

టీచరుగారు ఒక బుట్ట తెచ్చారు. నిండా ఈనెపుల్లలు. మన కోనసీమలో వీటికేం కొదవ, కొబ్బరాకు చీల్చి చీపుర్లు కట్టని ఇల్లుంటుందా? సమానంగా కోసి, పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసి పెట్టారు. కుర్రాడి ముందు నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు పెట్టి, "ఎన్నున్నాయిరా?" అని అడిగారు. నలభైరెండు అన్నాడు. "నాకు పదిహేడివ్వు." ఒక కట్ట తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. రెండు విడి పుల్లలూ ఇచ్చేశాడు. ఇంకా ఐదు కావాలి. చేతిలో మూడు కట్టలే ఉన్నాయి. కట్టల వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. ఆవిడ ఏమీ అనలేదు. మేం పన్నెండు మందిమీ ఊపిరి బిగపట్టి చూస్తున్నాం. వాడు ఒక కట్టకున్న రబ్బరు బ్యాండు గోటితో లాగి తీసేశాడు. ఐదు లెక్కపెట్టి ఇచ్చాడు. మిగిలినవి చూసుకుని, "ఇరవైయైదండీ" అన్నాడు. ఆ తర్వాత పలక మీద తను వేసిన 35 చూసుకుని, ఎవరూ చెప్పకుండానే తుడిచేశాడు.

అక్కడితో అయిపోలేదు. పుల్లలతో చేసిందే పలక మీద బొమ్మగా వేయించారు. కట్టకి నిలువు గీత, విడి పుల్లకి చుక్క. గీతను కొట్టేసి పది చుక్కలు పెట్టడమే కట్ట విప్పడం. తర్వాతే అంకెలు. చేతితో చేయడం, బొమ్మగా చూడటం, గుర్తులతో రాయడం అని మనస్తత్వవేత్త బ్రూనర్ పేరు మీద మేం బట్టీపట్టిన మూడు దశలు ఇవే. ఎన్నిసార్లు రాశానో పరీక్షల్లో! అవి ఒక పిల్లాడి చేతుల్లోంచి పలక మీదికి రావడం చూసింది మాత్రం ఆ ఆదివారమే. ఆ రోజు నుంచి మా బ్యాచ్‌లో తీసివేతలో అప్పు అనే మాట ఎవరూ వాడలేదు. కట్ట విప్పు అంటాం. 305లోంచి 128 తీయాలంటే పదుల చోట సున్నా ఉంది, అక్కడ విప్పడానికి కట్టే లేదు. వందల పెద్దకట్ట విప్పితే పది చిన్నకట్టలు వస్తాయి, వాటిలో ఒకటి మళ్లీ విప్పాలి. మా స్కూల్లో ఆ తర్వాతి వారమే ఇది చెప్పాను. నా 38 మందిలో 11 మంది ఆ కుర్రాడు వేసినట్టే వేస్తున్నారని పాత నోటుపుస్తకాలు తిరగేస్తే తెలిసింది. నెలరోజులుగా నేనే వాటి మీద ఎర్ర ఇంకుతో ఇంటూలు కొట్టి ఇస్తున్నాను.

తెలుగు చెప్పేది టీచరుగారు. ఈవిడ పాఠం ఒక్కటి చూడటానికైనా వెళ్లొచ్చు అంటాను.

రెండో తరగతి పిల్ల ఒకతి వాచకం తెరిచి గడగడా చదివేసింది. మాకు భలే ముచ్చటేసింది. టీచరుగారు దగ్గరికెళ్లి మెల్లగా పేజీ తిప్పారు. పిల్ల ఆపలేదు, వెనకటి పేజీలోదే చదువుకుంటూ పోయింది. ఆ తర్వాత అదే పాఠంలోని ఒక పదాన్ని అట్టముక్క మీద విడిగా రాసి చూపిస్తే చెప్పలేకపోయింది. వర్ణమాల అడిగితే వరసగా అప్పజెప్పింది. డ ఏదంటే మొదటినుంచి పాడుకుంటూ అక్కడిదాకా రావాలి. మీ క్లాసులో ఇలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారో ఒకసారి పేజీ తిప్పి చూడండి.

ఆవిడ పద్ధతి ఇదీ. 56 అక్షరాలు వరసపెట్టి దిద్దించరు. ఙ, ఞ, ఌ పిల్లలు మాట్లాడే మాటల్లో వినబడనే వినబడవు, వాటికి తొందరేం లేదంటారు. ముందు ప, ల, క, వ, త, డ, మ, ర. ఈ ఎనిమిదీ చాలు. పలక, కడవ, పడవ, తడక, పడక, మడత, వల, తల, మడ. గుణింతం లేదు, వత్తు లేదు, అయినా అన్నీ పిల్లలకు తెలిసిన మాటలే. మడ అంటే ఏమిటని అడిగితే అంతర్వేది వైపు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన పిల్లాడు లేచి మడచెట్ల వేళ్ల గురించి ఐదు నిమిషాలు చెప్పాడు. పదం ముందు, దాన్ని విడదీసి అక్షరం తర్వాత, ఆ అక్షరాలతోనే కొత్త పదం. పద పద్ధతి, వాక్య పద్ధతి అని మేం తేడాలు రాసిన పట్టికలో ఈ అక్షరాల ఎంపిక సంగతి ఎక్కడా లేదు. ఏ అక్షరాలతో మొదలుపెడితే తొందరగా ఎక్కువ మాటలు దొరుకుతాయో టీచరే కూర్చుని లెక్కేసుకోవాలి. మా చేత కాగితం మీద అది చేయించారు. రెండు గంటలు పట్టింది నాకు.

వత్తుల దగ్గర ఇంకా మంచి విషయం చెప్పారు. గ, డ, ద లాంటివాటికి తలకట్టు తీసేస్తే దాదాపు అదే వత్తు. గగ్గోలు, గడ్డి, ముద్ద చూడండి. త, న, మ, య, ర, ల వత్తులు అలా కాదు, అసలు అక్షరానికీ వాటికీ పోలిక కనబడదు. పిల్లలు తడబడేది ఎక్కువగా ఇక్కడే. కానీ అత్త, అన్న, అమ్మ, అయ్య, గొర్రె, పిల్లి, ఇంట్లో పొద్దస్తమానం వినబడే మాటలన్నీ ఈ గుంపులోవే! అందుకని ఆ ఆరింటికీ ఇంటి మాటలనే ఆసరాగా పెట్టుకుంటారు. త వత్తు మరిచిపోతే అత్త పేరున్న అట్టముక్క తీసుకుని చూసుకోవాలి. ద్విత్వాలు బాగా వచ్చాకే పుస్తకం, చంద్రుడు లాంటి సంయుక్తాలు. రాయించడం కూడా పలకకు ముందు చేటలో. చేటలో సన్న ఇసుక పోసి వేలితో. తప్పైతే ఒక్కసారి కుదిపితే పోతుంది. అక్షరం సరిగ్గా రాక ఏడ్చే పిల్ల ఇసుకలో ఏడవదని నేను కళ్లారా చూశాను.

పరిసరాల విజ్ఞానం రెండు వారాలు. ఒక వారం కాలువగట్టు మీదికి తీసుకెళ్లారు. పిల్లల్ని నీళ్ల అంచుకు రానివ్వకుండా తాడు పట్టుకుని మేం నలుగురం నిలబడ్డాం. ఇరవై అడుగుల దూరానికి రెండు గుర్తులు పెట్టుకుని, బాదం ఆకులు వదిలి, ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు చేరేలోపు ఎన్ని అంకెలు లెక్కపెట్టామో రాసుకోవడం. గట్టు పక్కన వేసిన ఆకు నెమ్మదిగా, మధ్యలో వేసిన ఆకు గబగబా పోతుందని పిల్లలే కనిపెట్టారు. ఈ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి అని మాస్టారు అడిగితే లాకుల దగ్గరినుంచి అని ఒకడు, దానికి ముందు అంటే పెద్ద కాలువ అని ఇంకొకడు, అలా అలా గోదావరి మీద ధవళేశ్వరం దాకా వెళ్లారు. 1852లో కాటన్ దొర కట్టించిన ఆనకట్ట, ఇప్పుడు దాని చోట ఉన్న బ్యారేజీ సంగతి అప్పుడు చెప్పారు. పాఠంలో అది మొదటి వాక్యం. ఇక్కడ చివరికి వచ్చింది. మరి వేసవిలో కాలువ ఎందుకు కట్టేస్తారని ఒక పాప అడిగింది. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి జవాబు చెప్పబోతే మాస్టారు చేత్తో వారించి, "మీ నాన్నను అడిగి వచ్చే వారం చెప్పమ్మా" అన్నారు. ఆ పాప తండ్రి కౌలుకి చేస్తాడు. తర్వాతి ఆదివారం పూడిక తీత, గట్ల మరమ్మతులు, రెండో పంట దాళ్వా కోత అన్నీ కలిపి ఆ పాప చెప్పింది మేమెవరం చెప్పలేం.

రెండో వారం మేడ మీదే పాత రేకుతొట్టిలో ఒక వైపు ఇసుక, ఒండ్రుమట్టి పోసి, కాస్త వాలుగా పెట్టి, రెండో వైపు నీళ్లు నిలిపారు. పైనుంచి చెంబుతో సన్నగా ధార. నీళ్లు మట్టిని మోసుకెళ్లి, నిలవ నీళ్లలో కలిసేచోట వేగం తగ్గి, మట్టిని వదిలేసి విసనకర్రలా పరిచాయి. ధార ఆ మట్టికి అడ్డం తగిలి రెండు పాయలుగా చీలింది కూడా. "ఇది గౌతమి, ఇది వశిష్ఠ, మనం ఇక్కడున్నాం" అని ఐదో తరగతి కుర్రాడు మధ్యలో వేలు పెట్టాడు. వాడు వేలు పెట్టింది గోదావరి రెండు పాయల మధ్య, పాలకొల్లు వశిష్ఠ పాయకు పడమటి పక్కన కదా. మాస్టారు మ్యాప్ తెచ్చి వాడి చేతికే ఇచ్చారు, వాడే దిద్దుకున్నాడు. ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లలు కంటికి కనబడేవాటితోనే ఆలోచిస్తారని మనస్తత్వవేత్త పియాజే చెప్పినది బిట్లలో మూర్త ప్రచాలక దశ అని వస్తుంది. ఆ తొట్టికి ఖర్చయినది ఒక చెంబు నీళ్లు.

ఈ పదింట్లో నాకు ఎక్కువ పనికొచ్చేది ఎనిమిదో వారం అనుకుంటున్నాను, పోస్టు వచ్చాక. ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మూడు నుంచి ఐదుకు నాలుగేసి, మొత్తం 18. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. ఇద్దరూ ఉన్న బడిలో కూడా ఒక టీచరు ఒకే గదిలో రెండు మూడు తరగతులు చూడాల్సిందే. కాలేజీలో మేం రాసిన ప్రతి లెసన్ ప్లానూ ఒకే తరగతి, ఒకే సబ్జెక్టు, 40 నిమిషాలు అనే లెక్కలోనే ఉంటుంది. ఇక్కడ సుద్దతో నేల మీద గీత గీసి మూడు తరగతుల్ని మూడు చోట్ల కూర్చోబెట్టారు. ఒక గుంపుకు టీచరు, ఒక గుంపుకు పనికార్డులు, ఒక గుంపుకు పెద్ద తరగతి పిల్ల. పదిహేను నిమిషాలకొకసారి మారాలి. మొదటిసారి నేను చేస్తే ఐదు నిమిషాల్లో పనికార్డుల గుంపు లేచి పిట్టగోడ దగ్గరికి వెళ్లిపోయింది. కార్డు మరీ తేలికగా రాశానట, రెండు నిమిషాల్లో అయిపోయింది వాళ్లకి. మూడోసారికి కుదిరింది. ఆ పని ముందు రోజు రాత్రే చేసిపెట్టుకోవాలని, బడిలో అప్పటికప్పుడు కుదరదని అర్థమైంది.

రికార్డు గురించి కూడా చెప్పాలి. ఇక్కడ రాయించేది ఒక్క పేజీయే. ఎడమ పక్కన నేను చెప్పాలనుకున్నది, కుడి పక్కన పిల్లలు నిజంగా అన్నది. కుడి పక్క ఖాళీగా ఉంటే పాఠం మళ్లీ చెప్పాలి. రంగు పెన్నులు, అట్టలు, లామినేషన్ ఏమీ అక్కర్లేదు.

ఇప్పుడు లోపాలు. ఇంగ్లీషు బాగా బలహీనం. ఒకటే ఒక వారం, అందులోనూ రైమ్స్, లేచి నిలబడు, తలుపు దగ్గరికి వెళ్లు లాంటి ఆజ్ఞలు చెప్పి చేయించే ఆటలు తప్ప ముందుకు పోలేదు. మన బడుల్లో ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు. లెక్కలు, పరిసరాలు ఇంగ్లీషులో ఎలా చెప్పాలన్నదే మా అందరి గుండెల్లో గుబులు. దానికి ఇక్కడ సమాధానం దొరకలేదు. ఆఖరి రోజు నేను ఆ మాటే అంటే మాస్టారు నొచ్చుకోలేదు. "అది మాకు చేతకాదమ్మా, తెలిసినవాళ్ల కోసం చూస్తున్నాం" అన్నారు. వినికిడి, చూపు సమస్యలున్న పిల్లలకు ఎలా చెప్పాలన్నది అసలు ముట్టుకోలేదు. నా క్లాసులో అలాంటి పాప ఉంది, నాకు అది పెద్ద లోటే.

రేకుల షెడ్డు పన్నెండు దాటితే నిప్పుల కొలిమి. ఆరో వారం వాన పట్టుకుంది, రేకుల మీద చప్పుడుకు ఎవరి మాటా వినబడక కింద హాల్లోకి దిగాం, అక్కడ పిల్లలూ మేమూ పట్టక సగం పాఠంతో ఆపేశారు. మాస్టారికి కోపం కూడా ఎక్కువే. పది నిమిషాలు ఆలస్యమైతే ఆ రోజు పాఠం చెప్పనివ్వరు, చూడటం వరకే. నరసాపురం నుంచి వచ్చే అమ్మాయికి బస్సు లేటై రెండుసార్లు అలా పోయింది, నాకు అది అన్యాయం అనిపించింది.

డీఎస్సీ బిట్లకు ఇది పనికిరాదు, ఆ ఆశతో వెళ్లొద్దు. టెట్ మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంది, ఉద్యోగం కావాలంటే బిట్లు చదవాల్సిందే. దానికి కోచింగ్‌లు వేరే ఉన్నాయి. నేనూ చదువుతున్నాను. సర్టిఫికెట్ కూడా ఇవ్వరు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక చిన్న తరగతుల పోస్టులకు బీఎడ్ వాళ్లకు అర్హత లేదు, డీఎడ్ చేసిన మనకే ఆ పని అప్పజెప్పారు. పిల్లలకు చదవడం, లెక్కపెట్టడం నేర్పే పని అది. దానికి మనం తయారుగా ఉన్నామా అని నన్ను నేను అడుక్కున్నప్పుడు ఒక ఏడాది కింద వరకు నా దగ్గర జవాబు లేదు.

మా స్కూల్లో ఏమైందో కూడా దాచను. కట్టలు, పుల్లలు మొదలుపెట్టాక మూడో తరగతి సిలబస్ నాలుగు రోజులు వెనకబడింది. పిలిచి మందలించారు. గది నిండా పుల్లలేమిటన్నారు. రెండు వారాల తర్వాత స్లిప్ టెస్టు పెట్టాను. ఆ 11 మందిలో 9 మంది తీసివేతలు సరిగ్గా చేశారు. మిగతా ఇద్దరితో సాయంత్రాలు కూర్చుంటున్నాను. వాళ్లకు తీసివేత కన్నా ముందు, 42లో నాలుగు అంటే నలభై అన్న సంగతి దగ్గరే చిక్కుంది. అది కనిపెట్టడానికి కూడా మేడమీద నేర్చుకున్న చూపే కావాల్సొచ్చింది.

తర్వాతి బ్యాచ్ సంక్రాంతి వెళ్లాక మొదలవుతుందన్నారు. ఫోన్ నంబరు ఇక్కడ పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టడం లేదు. పాలకొల్లు చుట్టుపక్కల ఎలిమెంటరీ స్కూలు టీచర్లు ఎవరినడిగినా చెబుతారు. డీఎడ్ రెండో సంవత్సరంలో, టీచింగ్ ప్రాక్టీసుకు ముందు వెళ్లగలిగితే అన్నిటికన్నా మంచిది. టోపీయో గొడుగో తీసుకెళ్లండి. తొమ్మిదికి పది నిమిషాల ముందే మెట్ల దగ్గరుండండి. ఇంటినుంచి ఓ గుప్పెడు ఈనెపుల్లలు కోసి పట్టుకెళ్లండి, బుట్టలోవి మా బ్యాచ్‌లోనే చాలా విరిగిపోయాయి.